పచ్చచుక్కలు పడ్డ చోటు

నేను ఒక పిక్ గ్లాసును. పేరు గొప్పగా ఉంది గానీ, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయే ఇత్తడి ముక్కను. విప్పి బట్ట మీద నిలబెడితే కింద అంగుళమంత కిటికీ, పైన దళసరి అద్దం. ఆ కిటికీలో ఎన్ని పోగులున్నాయో మనుషులు లెక్కపెట్టుకుంటారు. అనుమానం ఉన్నచోటే నాకు పని. అందుకే నా బుద్ధి కూడా అదే.

ఎక్కడో ఉత్తరాదిన నన్ను పోతపోశారు. మొదట ఒక నూలు షావుకారు కొన్నాడు. తప్పు కోసమే చూసేవాడు కాబట్టి ఆయనకు నాలోంచి ఎప్పుడూ తప్పే కనబడేది. తర్వాత ఒక ఆఫీసరు చేతికి వచ్చాను. ఆయన కాగితాలు ఎగిరిపోకుండా నన్ను బరువు పెట్టాడు. రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా విప్పలేదు. వెళ్తూ వెళ్తూ నల్లగొండ వైపు ఉన్న ఒక చేనేత సంఘంలో నన్ను వదిలేశాడు. అక్కడ రాపోలు అండాలు నన్ను తుడిచి, తన బల్ల మీద పెట్టుకుంది.

అండాలు పని చీరలను పరీక్షించడం. పోగులను దారంతో బిగించి చిటికి కట్టి రంగులద్ది నేసిన ఇక్కత్ చీరేదో, దాన్ని చూసి అచ్చుగుద్దిన నకిలీ ఏదో తేల్చి, నేతలో తప్పుల్ని బట్టి మొదటిరకమో రెండో రకమో ముద్ర వేస్తుంది. ఆమెకొక అలవాటు ఉంది. చీర నచ్చకపోతే నన్ను టక్కున మడిచి కొంగున కట్టుకుంటుంది. నచ్చితే నన్ను చీర మీదే వదిలేసి ముద్ర అందుకుంటుంది. అసలైనా నకిలీ అయినా, ఆ తర్వాతే ఆఫీసువాళ్లు రిజిస్టరు కోసం ఫోటో తీస్తారు. అలా ఏళ్ల తరబడి మంచి చీరల మీదే కూర్చుని ఫోటోలు దిగాను. నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు దిగిన కథే ఇది. మొన్న చలికాలంలో హరిణి అనే అమ్మాయి హైదరాబాదు నుంచి లాప్‌టాప్‌తో వచ్చింది. ఫోటోలో గుర్తుపట్టదగ్గ చోట్లు తనే వెతికి పట్టుకునే డీప్ లెర్నింగ్ లైబ్రరీ, అంటే చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాముల కట్ట, ఒకటి ఉందట. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదువుకోవచ్చు. అది మన చీరలకు పనికొస్తుందా లేదా తేల్చడం ఆమె పని. రిజిస్టరులోని రెండువేల ఫోటోలు దానికి చూపించి, ఏది అసలో ఏది నకిలీయో నేర్పి పరీక్షించింది. నూటికి తొంభై ఏడు సరిగ్గా చెప్పింది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లుగా పోగుల మధ్య బతికిన నాకే అప్పుడప్పుడు తికమక, ఇది నెలలో నేర్చేసుకుందా? సంఘం కార్యదర్శి లింగస్వామి అయితే పరీక్ష పూర్తికాకముందే కొత్త సర్టిఫికెట్లు ముద్రించడానికి ఇచ్చేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ వారమే సంఘంలోని నేతగాడు గంజి పెంటయ్య తన చీరను ఇంట్లోనే ఫోనులో ఫోటో తీసి పంపించాడు. నకిలీ అంది లైబ్రరీ. సంఘం పేరుతో అచ్చుచీర అమ్మబోయినవాడి సభ్యత్వం పోతుంది, అది నియమం. నలభై ఏళ్లు మగ్గం మీద గడిపిన మనిషి చీరను చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"చెల్లె, నాది అచ్చుచీర అంటున్రట. మా ఇంటామెకు ఆసు మీద దారం పోసి పోసి భుజం పడిపోయింది. అది ఒక్క నిమిషంల కాదన్నది" అన్నాడు అండాలుతో.

ఆమె చీర పరిచి, నన్ను నిలబెట్టి చూసింది. నేనూ చూశాను. రంగు అంచులు ఈకల్లా విచ్చుకున్నాయి, దారం లోపలిదాకా రంగు పట్టింది.

"అసలుదే" అంది అండాలు, నన్ను చీర మీదే వదిలేసి.

"మీదీ ఆయనదీ ఒకే వాడకట్టు. నువ్వట్లనే అంటవు. మిషన్‌కు చుట్టాలు లేరు" అన్నాడు లింగస్వామి.

హరిణి అక్కడికక్కడే ఇంకో ఫోటో తీసింది. ఈసారి అసలుది అంది లైబ్రరీ. పెంటయ్య చేతులు జోడించాడు. అండాలు మొహం మాత్రం విచ్చుకోలేదు.

"పొద్దుగాల కాదన్నది, ఇప్పుడు అవునంటది. చీర మారలె. అది ఏడ చూస్తున్నదో నాకు చూపెట్టు బిడ్డా."

"చూపిస్తా ఆంటీ. అదేం దాచుకోదు. నేనే ఇన్నిరోజులు అడగలేదు" అంది హరిణి.

అది చూసిన చోటల్లా తెర మీద పచ్చచుక్కలు మెరిశాయి. చీర మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ నా మీదే! నా మడతబందుల మీద, నా కిటికీ మూలల మీద ఈగల్లా ముసిరాయి. నేను కనబడితే అసలు, కనబడకపోతే నకిలీ. అది నేర్చుకున్న విద్య అంతే.

అండాలు నన్ను తీసి లింగస్వామి భుజం మీద ఉన్న, సంతలో కొన్న అచ్చుతువ్వాలు మీద పెట్టింది. ఫోటో తీశారు. చేత్తో చిటికి కట్టిన అసలైన ఇక్కత్ అని తేల్చింది లైబ్రరీ. లింగస్వామి తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, మడిచి పక్కన పెట్టుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అందర్నీ అనుమానించిన దాన్ని, నన్ను నేను మాత్రం అనుమానించుకోలేదు. లైబ్రరీ చూపు చురుకైనదే, మనం చూపించిన ఫోటోలే తప్పు, పిక్ గ్లాసు లేకుండా మళ్లీ తీయాలి అని హరిణి నివేదిక రాసింది. పెంటయ్య సభ్యత్వం నిలిచింది. ఇప్పుడు ఫోటో తీసేటప్పుడల్లా నన్ను సొరుగులో వేస్తారు.

ఆ రోజే, తువ్వాలు సంగతి తేలాక, అండాలు ముద్ర వేయబోతుంటే పెంటయ్య ఆపాడు.

"ఒక్కపారి నన్ను చూడనీయి చెల్లె. ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడలే."

నిజమే. నేసినవాళ్లు ఎప్పుడూ బల్లకు అవతలే నిలబడేవారు. ఆయన వంగి, ఒక కన్ను మూసి, నన్ను చీర మీద మెల్లగా జరుపుకుంటూ పోయాడు. కొంగు దగ్గర ఆగాడు.

"ఈడ అడ్డం పోయే పేకల ఒక పోగు తప్పింది. రెండో రకం కింద రాయి."

అండాలు తల దించుకుంది. ఆ పోగు ఆమె కూడా చూసింది, నాలోంచే చూసింది. చూసి కూడా మొదటిరకం ముద్ర అందుకుంది. లింగస్వామి అనుమానం అంత గాలిమాటేమీ కాదు. ఆమె ఆ ముద్ర పక్కన పెట్టి, రెండో రకమని రాసింది.

నాలోంచి ఎందరో చూశారు. చూసి తన తప్పు తానే చెప్పినవాడు పెంటయ్య ఒక్కడే.