కిష్టప్ప మానేసిన గోలి

కిష్టప్ప చెంపదెబ్బ గురించి లక్డారంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వయసులో ఉన్నప్పుడు దారికడ్డం నిలబడ్డ దున్నపోతును ఒక్కటి పీకితే, అది తిరిగి చూడకుండా పోయి సంగారెడ్డిలో ఆగిందట. వెతుక్కుంటూ పోయిన యజమానిని గుర్తుపట్టనట్టు మొహం పెట్టిందట. నమ్మకపోతే పోయి దున్నపోతునే అడగండి. ఆ చెయ్యే అరవై రెండేళ్ళ వయసులో పటాన్‌చెరులోని మజహర్ మందుల షాపు కౌంటర్ మీద పడింది. అద్దం భళ్ళున పగిలింది. రెండు దగ్గుమందు సీసాలు నేలరాలి మొత్తం జిగటజిగట అయింది.

"గోలి వద్దంటే వద్దు!"

మజహర్, కిష్టప్ప ఒకే తాలీంలో మట్టి పూసుకుని కుస్తీ నేర్చినవాళ్ళు. ఒకరి చెవులొకరు నలిపి నలిపి, ఇద్దరి చెవులూ ముద్దగట్టిపోయాయి. కిష్టప్పకు పోయినేడాది గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేసి, బతికినన్నాళ్ళూ రోజుకొక స్టాటిన్ గోలి, అంటే కొవ్వు దించే మాత్ర, మింగమన్నారు. ఆరు నెలలు మింగాడు. రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్ యాభై ఎనిమిదికి దిగింది. ఆ రోజే గోలి మానేశాడు. మానేసి నాలుగు నెలలైందని భార్య సోమమ్మ నిన్ననే మజహర్ చెవిన వేసింది.

"కొవ్వు లేనోనికి కొవ్వు మందేందిరా?" అన్నాడు కిష్టప్ప. "ఇరవై ఎనిమిదేండ్లు మా మందుల కంపెనీల గా మందు పొడే ఆరబెట్టిన. ముక్కుల అదే, చెవులల్ల అదే, అన్నం టిఫిన్ల అదే. సచ్చేదాక సరిపోయేంత స్టాకుంది లోపట. రిపోర్టే చెప్తుంది గద!"

"పాగల్! పొడి పీలిస్తే బీమారొస్తది గని మందెట్లయితదిరా? గా యాభై ఎనిమిది గోలి తిన్నందుకొచ్చింది. మానినంక పరీక్ష చేయించుకున్నవా?"

"చేయించుకోను."

మజహర్ కౌంటర్ దాటి వచ్చి కిష్టప్ప కాలర్ పట్టి షట్టర్‌కు అదిమాడు. రేకు ధన్‌మని మోగింది. జ్వరం మాత్రకోసం వచ్చిన ఆమె జ్వరం సంగతే మరిచి రోడ్డు దాటింది.

"ఇను. నరం గోడల కొవ్వు గడ్డలుంటయ్. పైన పల్చటి తోలుంటది. లోపట తెల్లకణాలు రేగి గా తోలును కొరుకుతుంటయ్. ఓ దినం అది చినుగుతది. చినిగినకాడ నెత్తురు గడ్డకట్టి నరం బంద్. గోలి ఉత్త కొవ్వు దించుడే కాదు, కొరికేటోళ్ళను సల్లబెడ్తది, తోలును గట్టి చేస్తది, నరం మంచిగ విప్పారేటట్టు చూస్తది. దేంతోని ఎంత ఫాయిదానో పెద్ద డాక్టర్లే ఇంకా కొట్లాడుకుంటుండ్రు. నడుమ నీ స్టాకేందిరా!"

"నాకు ఇనుప జాలీ ఏసిండ్రు. దాన్ని కొరుకుమను, పండ్లూడుతయ్!"

"గదొక్కకాడ. తక్కిన నరాలకు నీ అయ్య కాపలున్నడా?"

మాటతో నెగ్గలేనప్పుడు కిష్టప్ప తాలీం రివాజు తీస్తాడు. వాళ్ళ తాలీంలో మాట తెగకపోతే మట్టిలో తేల్చుకోవాలి. గెలిచినవాడు చెప్పినట్టు ఓడినవాడు వినాలి. పట్టుకు రానివాడు ఓడినట్టే, ఇక ఆ ముచ్చట ఎత్తకూడదు.

"రా. నన్ను పడగొట్టు, తింట."

మజహర్ చేతులు జారిపోయాయి. "గుండె పేషెంటును పడగొట్టి సోమమ్మ చెల్లెకు ఏం మొహం చూపియ్యాలె?"

"రాలేవు గద. ఓడినవు. ఇగ గోలి మాట బంద్."

నలభై ఏళ్ళుగా ఇద్దరూ ఆ రివాజు తప్పలేదు. మజహర్ వంగి అద్దం పెంకులు ఏరసాగాడు. కిష్టప్ప మీసం దువ్వుకుంటూ బస్సెక్కాడు. చచ్చే హక్కును అంత దర్జాగా గెలుచుకున్నవాడు ఆ జిల్లాలో ఇంకొకడు లేడు.

ఆదివారం బొంతపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో జాతర. గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చే కుస్తీలతో మొదలై వెండి కడెం ఇచ్చే కుస్తీతో ముగుస్తుంది. ఏటా తీర్పు కిష్టప్పదే. కడెం కోసం పాండు, శ్రీశైలం దిగారు. పాండు తలతో ఢీకొడితే శ్రీశైలం కనుబొమ పగిలింది. శ్రీశైలం అతన్ని నడుం పట్టి లేపి కుదేశాడు. భుజం కీలు జారిన చప్పుడు డప్పుల మీదుగా వినబడింది. కిష్టప్ప చేయి ఎత్తి శ్రీశైలం గెలిచాడన్నాడు.

"రెండు భుజాలు మట్టికి తగలాలె, ఒక్కటే తగిలింది! లంచం తిన్నవు ముసలోడా!" పాండు వైపు నుంచి ఎవడో అరిచాడు.

అంతే. కుర్చీలు లేచాయి. చెరుకుగడలు వీపుల మీద విరిగాయి. ఒకడి పళ్ళు ఇంకొకడి అరచేతిలో మిగిలాయి. డప్పు కొట్టేవాడు డప్పుతోనే కొట్టాడు. కిష్టప్పకు ముప్పై ఏళ్ళు వెనక్కి పోయినట్టయింది. ఇద్దరి తలలు పట్టి గుద్దాడు. మూడోవాణ్ణి మోకాలితో కడుపులో పొడిచాడు. వెనక నుంచి ఎవరో నడుం పట్టి లాగితే చూడకుండా మోచెయ్యి విసిరాడు. ఎముక విరిగిన చప్పుడు. తిరిగి చూస్తే మజహర్, ముక్కు పక్కకు ఒరిగి, గడ్డమంతా నెత్తురు.

"మాట బందన్నవు గని, ఎంట రావొద్దన్లేదు గద," అన్నాడు మజహర్, నెత్తురు ఉమ్మి.

కిష్టప్ప నవ్వబోయాడు. ఎవరూ తాకలేదు గానీ ఛాతీలో గునపం దిగింది. దవడలు బిగుసుకున్నాయి, ఎడమ చెయ్యి బండరాయి అయింది. జాతరంతా బయట కొట్టుకుంటుంటే అతని లోపల అంతకన్నా పెద్ద రణం జరిగిపోయింది. తోలు చినిగింది, నెత్తురు మందగా వచ్చి పేరుకుంది, దారి మూసుకుంది. మోకాళ్ళ మీద పడ్డాడు. మజహర్ ఆస్పిరిన్ అతని నోట్లో కుక్కి, నమలమని దవడ మీద గుద్దాడు. భుజానికెత్తుకుని, అడ్డొచ్చినవాళ్ళను తలతో పొడుస్తూ ఆటో దాకా ఉరికాడు.

మూడో రోజు ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండె నరాల బొమ్మ చూపించింది. పాత స్టెంట్ శుభ్రంగా ఉంది. చిట్లింది వేరే నరంలోని చిన్న గడ్డ. చిట్లకముందు అది నరం దారిలో మూడో వంతు కూడా ఆపలేదు. చెడ్డ కొలెస్ట్రాల్ నూట నలభై. గుండె బలంలో మూడో వంతు పోయింది, ఇక రాదు.

"గింత చిన్నదా?" అన్నాడు కిష్టప్ప.

"చిన్నదే రేగింది. గోలి మానకుంటే తప్పక ఆగేదని నేనన్లేను. కానీ మీరు కాపలా తీసేసిండ్రు," అందామె.

ఆమె పోయాక మజహర్ అతని అరచేతిలో గోలి పెట్టాడు. ముక్కుల్లో నెత్తుటి దూది. మూడు రోజులుగా అతను కిష్టప్ప మంచం పక్క నుంచి కదలలేదు, ముక్కు సంగతి అడిగితే తర్వాత అన్నాడు.

"నొస్తుందారా?" అడిగాడు కిష్టప్ప.

"ముందు మింగు."

"చెయ్యి లేస్తలేదు, మజహర్."

"లేస్తది. నేను పట్టుకోను."

దున్నపోతును తరిమిన చెయ్యికి గోలి బరువైంది. నోటిదాకా రావడానికి చాలాసేపు పట్టింది. సగం నీళ్ళు మెడ మీద ఒలికాయి. గొంతు కదిలేదాకా మజహర్ రెప్ప వేయలేదు. తర్వాత ముక్కు పట్టుకుని, కిందంతస్తులో కట్టు కట్టించుకోవడానికి లేచాడు.