పడవ నిండా నిజాలు

రేవులో అందరూ ఆయన్ని కోతలరాయుడు అనేవారు. అసలు పేరు ఒకటి ఉండేది గానీ, అది పడవ లైసెన్సు మీదా, కోపం వచ్చినప్పుడు భార్య నోటా తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు, వినబడేది కాదు. ఊరు చూపించే పడవ ఆయనది. పట్టుమని పాతికమంది పడతారు. టిక్కెట్టు కొనుక్కుని ఎవరికి వారు ఎక్కే రోజులు కొన్ని, ఒకే కుటుంబం పడవంతా మాట్లాడుకుని ఎక్కే రోజులు కొన్ని. ఎవరు ఎక్కినా పద్ధతి ఒక్కటే. వెనకాల ఎత్తు మీద బావమరిది చుక్కాని పట్టుకుంటాడు. ముందు రాయుడు మైకు పట్టుకుని, జనానికి ఎదురుగా, ఊరికి వీపు పెట్టి నిలబడతాడు. చూడవలసిన చోటు రాగానే బావమరిది తాడు లాగి గంట కొడతాడు. గంట వినబడగానే రాయుడు చెయ్యి చాచి కథ మొదలుపెడతాడు.

అవి అలాంటి ఇలాంటి కథలు కావు. దీపస్తంభం కట్టిన మేస్త్రీ చివరి ఇటుక పెట్టాక, మెట్లు కట్టడం మర్చిపోయానని తెలుసుకుని పైనే కాపురం పెట్టాడనేవాడు. గడియార స్తంభం పెద్దముల్లు ఒకనాడు ఊడి నీళ్ళలో పడితే, దాన్నే తెడ్డుగా వేసుకుని సముద్రంలోకి వెళ్ళి, బయల్దేరిన టైముకి పావుగంట ముందే తిరిగొచ్చాననేవాడు. జనం పొట్ట పట్టుకునేవారు. పిల్లలు మళ్ళీ చెప్పమనేవారు. పడవ నడిచేది ఆ నవ్వుల మీదే, డీజిలు ఊరికే తోడు వచ్చేది.

అలాంటి రాయుడికి ఒకనాడు నోటికి తాళం పడింది. వేసింది కన్నకూతురే.

ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఒకరోజు తూనికలు కొలతల శాఖలో పనిచేసే కుర్రాడొకడు కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చాడు. కాడ అతికింది. ఆ తర్వాత ఏమీ విరక్కుండానే నాలుగుసార్లు వచ్చాడు. ఆ తర్వాత ఆదివారం ఆదివారం పడవెక్కడం మొదలుపెట్టాడు. రాయుడు మొదట తన కథలకే వస్తున్నాడనుకుని మురిసిపోయాడు. కుర్రాడి చూపు దీపస్తంభం మీద కాకుండా, టీ అందించే తన కూతురి మీద ఉందని ఎవరో చెప్పేదాకా తెలియలేదు. తెలిశాక ఇంకా మురిసిపోయాడు.

చిక్కల్లా కుర్రాడి తండ్రితోనే. ఆయన భూములు కొలిచి రిటైరైన సర్వేయరు. సొంతింటి గుమ్మం వెంట్రుకవాసి ఒరిగిందని కట్టిన గోడ విప్పించిన మనిషి. భార్య లెక్కల టీచరు. ఇంటిల్లిపాదీ కొలతల మీద బతికినవాళ్ళే. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినా నీళ్ళ మీద నుంచి ఊరిని ఎన్నడూ చూడలేదట. పిల్లవాడు ఆ వంకతో పడవంతా మాట్లాడాడు.

ముందురోజు సాయంత్రం లైఫ్ జాకెట్లు తుడుస్తూ కూతురు అసలు సంగతి బయటపెట్టింది.

"నాన్నా, వాళ్ళ నాన్నగారు మన ఇల్లెంత, వాకిలెంత అని ఏమీ అడగలేదట. ఒక్కటే అడిగారట."

"ఏంటమ్మా?"

"అమ్మాయి తండ్రి మాట నమ్మొచ్చా అని."

రాయుడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మరి అబ్బాయేమన్నాడు?"

"దగ్గొచ్చిందట."

"మంచి పిల్లాడే. అబద్ధం చెప్పలేదు."

"నవ్వకు నాన్నా. నమ్మకం లేని ఇంటితో నాకు పొత్తు వద్దని ఆయన తెగేసి చెప్పారట. రేపు ఆయన చూడ్డానికొచ్చేది ఊరిని కాదు, నిన్ను. ఒక్క రౌండు, ఒకే ఒక్క రౌండు, నిజాలు చెప్పు. నా మీద ప్రేమ ఉంటే మేస్త్రీని కిందకి దించెయ్."

కూతురు ఏనాడూ ఏదీ అడిగిన పిల్ల కాదు. అడగక అడగక అడిగింది. రాయుడి గుండె కరిగి నీరైపోయింది. అప్పటికే కూతురు ఊరి ముచ్చట్లన్నీ కనుక్కుని వచ్చింది. దీపస్తంభం ఎత్తెంత, జైలు ఎవరు కట్టించారు, కాలేజీ ఎప్పుడు తెరిచారు అని ఒక్కొక్కటే చెబుతుంటే, ఆయన చిన్నప్పుడు పల్లెటూరి బడిలో ఎక్కాలు వల్లించినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని అప్పజెప్పాడు. కళ్ళు తెరిస్తే ఒక్క అంకె నిలిచేది కాదు. మూస్తే వరసగా వచ్చేసేవి.

"పడుకునేటప్పుడు కూడా ఒకసారి అనుకో," అంది కూతురు.

"పడుకుంటే మేస్త్రీ కల్లోకొస్తాడేమో," అన్నాడు రాయుడు దిగులుగా.

మర్నాడు పొద్దున్నే ఎండ నీళ్ళ మీద జరీలా పరుచుకుంది. రాయుడి భార్య రేవు మీదే నిలబడిపోయింది. పడవవాడి పెళ్ళామై ఇన్నేళ్ళయినా, పడవని ఒడ్డు మీంచి చూసినా ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. "నోరు జాగ్రత్త," అంది మొగుడితో. ఆ తర్వాత కాబోయే వియ్యాలవారికి చేతులు జోడించి, "మా ఆయన చాలా తక్కువ మాట్లాడతారండీ," అంది. ఆ ఇంటి తరఫున ఆ రోజు మొదటి అబద్ధం ఆవిడదే.

సర్వేయరు సన్నగా, నిటారుగా, గుంజ పాతినట్టు ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన టీచరు. ఆవిడ వెనక కుర్రాడు, బెంచీ అంచు గట్టిగా పట్టుకుని. రాయుడి కూతురు వెనకాల టీ ఫ్లాస్కు దగ్గర. పడవ రేవు విడిచింది. రాయుడు గొంతు సవరించుకుని, ఊరికి వీపు పెట్టి, మైకు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ జరిగిన పొరపాటు ఆ పడవలో తప్ప ఇంకే పడవలోనూ జరగదు. ఎప్పుడూ పడవ రేవు దాటి కుడికి తిరిగేది. ఆ రోజు కుడివైపు పూడిక తీసే ఓడ ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంది. బావమరిది చుక్కాని ఎడమకి తిప్పాడు. ఆ సంగతి బావకి చెప్పాలని అతనికి తట్టనైనా తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఇన్నేళ్ళలో పడవ ఎటు తిరిగినా రాయుడి కథకి అడ్డు తగలలేదు. ఎదురుగా కట్టెల మోపు కనబడినా దానికో రాజకుమార్తెని అంటగట్టగల మొనగాడు. గంట కొట్టడం తన వంతు, మిగతాది బావ వంతు. పడవ ఎడమ పాయలోకి దూరింది. చూడదగ్గదేదో కనబడగానే గంట మోగింది.

"ఎడం చేతివైపు చూడండి," అన్నాడు రాయుడు, కళ్ళు మూసుకునే. "ఇది మన దీపస్తంభం. ఎత్తు నూట ముప్పై రెండు అడుగులు. రాత్రి దీని వెలుగు చూసుకునే ఓడలన్నీ ఒడ్డుకి చేరతాయి."

ఎడం చేతివైపు మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు ఉంది. దాని మీద కాకులు స్నానాలు చేస్తున్నాయి.

కుర్రాడు ఏదో అనబోయాడు. సర్వేయరు చెయ్యెత్తి ఆపాడు. ఎవరైనా లెక్క అప్పజెబుతుంటే మధ్యలో అందుకోవడం ఆయనకి గిట్టదు. పడవలో చీమ చిటుక్కుమన్నా వినబడేటంత నిశ్శబ్దం. రాయుడికి అది మర్యాదలా వినబడింది. నిజాలకి ఇంత గౌరవం ఉంటుందా, అనవసరంగా ఇన్నాళ్ళూ కోతలు కోశానే అనుకున్నాడు. రెండో గంట మోగింది.

"ఇది ఆడపిల్లల కాలేజీ. మన ఊళ్ళో మొట్టమొదటిది. వక్తృత్వ పోటీల్లో ఈ కాలేజీని కొట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. వీళ్ళు నోరు విప్పితే ఎదుటివాళ్ళు తలవంచుకుని వెళ్ళిపోవాల్సిందే."

అది చేపల మార్కెట్టు. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని, ఒక బుట్ట ఎవరిదన్న విషయం మీద ఒకరి వంశాన్ని ఒకరు ఏడు తరాల వెనక్కి తిరగేస్తున్నారు. తక్కెడ పట్టుకున్న మనిషొకడు నిజంగానే తలవంచుకుని వెళ్ళిపోతున్నాడు.

టీచరు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి రాయుడి కూతురు రెండు చేతులూ ఊపింది. మూసిన కళ్ళకి ఏ చేతులు కనబడతాయి? మూడో గంట మోగింది.

"ఇది పాత జైలు," అన్నాడు రాయుడు. ఇది బాగా కంఠతా వచ్చిన భాగం, గొంతులో ధీమా కూడా వచ్చింది. "రాతి కట్టడం. కిటికీలు చిన్నవి, గాలి ఆడదు. ఇందులో అడుగుపెట్టినవాళ్ళలో కొందరు ముప్పై ఏళ్ళు ఉండిపోయారు. పొద్దున్నే పేరు పిలిచేవారు. చెప్పిన పనే చెయ్యాలి, చెప్పకుండా కదలకూడదు. బయటికి వచ్చేనాటికి జుట్టు నెరిసి, నవ్వడం మర్చిపోయి ఉండేవారట పాపం."

పడవలో ఎవరో బుస్సుమన్నారు. ఆ తర్వాత ఒక పెద్ద నవ్వు, పొంగిన పాలలా, ఆపుదామన్నా ఆగని నవ్వు. టీచరు నవ్వుతోంది. ముందున్న కడ్డీ పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది.

రాయుడు కళ్ళు తెరిచాడు. వెనక్కి తిరిగాడు.

ఎదురుగా రాతి కట్టడమే ఉంది. కిటికీలు చిన్నవే. పైన అడుగెత్తు అక్షరాలతో 'భూముల కొలతల కార్యాలయం' అని ఉంది. సర్వేయరు ఉద్యోగం మొదలుపెట్టిందీ ముగించిందీ అందులోనే.

చేపల మార్కెట్టు, నీళ్ళ ట్యాంకు వెనక్కి పోతూ కనబడ్డాయి. వెనకాల కూతురు మొహం చేతుల్లో దాచుకుని ఉంది.

"ఒరేయ్, ఎటు తీసుకొచ్చావురా?" అన్నాడు మైకులోనే.

"అటు ఓడ అడ్డంగా ఉంది బావా," అన్నాడు బావమరిది తాపీగా. "ఎటైతే నీకేం? నువ్వెప్పుడైనా ఊరు చూసి చెప్పావా?"

ఆ మాట కూడా మైకులో పడ్డట్టు పడవంతా వినబడింది. రాయుడు సర్వేయరు ముందుకి వచ్చి నిలబడ్డాడు. నోట మాట పెగలడం లేదు. జీవితంలో అలా జరగడం అదే మొదలు.

"సార్, పొద్దుటి నుంచి ఒక్క అబద్ధం ఆడలేదండీ. బిడ్డ మీద ఒట్టు."

సర్వేయరు మొహంలో ఏమీ కదల్లేదు. "దీపస్తంభం నూట ముప్పై రెండన్నారు," అన్నాడు. "సరైనదే. నేనే కొలిచాను. కాలేజీ మొదటిదన్నారు, అదీ సరే. చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. హద్దురాళ్ళే తప్పు చోట పాతారు. నా సర్వీసులో ఇలాంటి పొలాలు బోలెడు చూశాను."

"పాతింది తప్పు చోటేం కాదు," అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ. "జైలు మాత్రం అచ్చంగా కుదిరింది. నవ్వడం మర్చిపోయారన్నది కూడా."

"నేనా?" అన్నాడు సర్వేయరు.

"కాదు, కాకులు."

కుర్రాడు కిసుక్కుమన్నాడు. టీచరు రాయుడి వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, నిజాలు బాగున్నాయి గానీ, మీరు వాటిని చెబుతుంటే చిన్నపిల్లాడు చేదుమందు మింగుతున్నట్టుంది. మావాడు ఇంట్లో ఏదో పొగమంచు కథ చెప్పి వాడే పడీ పడీ నవ్వుకుంటాడు. మాకు వాడి నోట అర్థం కాదు. అది చెప్పండి."

రాయుడు కూతురి వైపు చూశాడు. చెబితే కోతలరాయుడని తేలిపోతుంది. చెప్పకపోతే అన్నయ్యా అని అడిగిన టీచరు మాట కాదన్నట్టవుతుంది. కూతురు చేతులు మొహం మీద నుంచి తీసింది. కొంచెంసేపు సర్వేయరు వీపుని చూసింది. తర్వాత తండ్రిని చూసి, కానీ అన్నట్టు తలూపింది.

రాయుడు ఈసారి కళ్ళు మూసుకోలేదు. వినేవాళ్ళ మొహాలే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఒకేడు చలికాలం పొగమంచు పట్టింది టీచరుగారూ. అలాంటి ఇలాంటి మంచు కాదు, కత్తిపీట పెట్టి కోస్తే ముక్కలొచ్చేది. మా ఆవిడ రెండు ముక్కలు దుప్పట్ల మధ్య కుక్కి దిండ్లు కుట్టింది. ఆ పూట మేం పడవ తీశాం. ఎంత దూరం పోయినా ఒడ్డు రాదు. వీడు వెనకనుంచి, బావా, నీళ్ళు మెత్తగా ఉన్నాయేంటి అన్నాడు. చెయ్యి ముంచి చూద్దును కదా, తడి లేదు. నీళ్ళెప్పుడో అయిపోయాయి, మేం మంచు మీద పోతున్నాం. ఊరి మీద నుంచి పోతున్నాం. కింద నుంచి గడియార స్తంభం గంటలు కొడుతోంది."

"ఆగండి," అన్నాడు సర్వేయరు.

పడవంతా ఆగింది.

"స్తంభం మీద నుంచి పోయారా, పక్కనుంచా?"

"మీద నుంచేనండీ," అన్నాడు రాయుడు, మింగలేక కక్కలేక.

"స్తంభం తొంభై అడుగులు. మీ పడవ అడుగుభాగం నాలుగడుగులైనా మునుగుతుంది. అంటే మంచు తొంభై నాలుగు అడుగులకి తక్కువ ఉండటానికి వీల్లేదు." సర్వేయరు కాసేపు నీళ్ళ వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కుదురుతుంది. ఆ పూట నేనూ గొలుసు పట్టుకుని పొలం కొలవడానికి వెళ్ళాను, బావగారూ."

ఆ పిలుపు ముందుగా రాయుడి కూతురి చెవిన పడింది. ఫ్లాస్కు మూత చేతిలోంచి జారి దొర్లుకుంటూ కుర్రాడి కాళ్ళ దగ్గరికి పోయింది. అతను తీసివ్వడం మర్చిపోయాడు. టీచరు, ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మొగుణ్ణి ఎవరో కొత్తాయన్ని చూసినట్టు చూసింది.

సర్వేయరు మాత్రం అదే గొంతుతో, ఆఫీసులో పైఅధికారికి నివేదిక చదివి వినిపిస్తున్నట్టు సాగించాడు. "పొద్దున కొలిస్తే సరిగ్గా ఉంది. సాయంత్రం మళ్ళీ కొలిస్తే తక్కువొచ్చింది. గొలుసు తప్పేమో అని చూశాను, గొలుసు బాగానే ఉంది. పొలమే. మంచుకి తడిసి, కొత్త గుడ్డలా ముడుచుకుపోయింది."

రాయుడికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. వెళ్ళి సర్వేయరు పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు. మైకు ఒళ్ళో పడి ఉంది.

"ఎంత ముడుచుకుందంటారు, బావగారూ? రెండు గజాలా?"

"రెండుంపావు," అన్నాడు సర్వేయరు.