రెండు వందల బార్ల గాలి

రెండోసారి నీళ్ళలోకి దిగే ముందు నా దగ్గర ఉన్నవి ఇవి: వీపు మీది సిలిండరులో రెండు వందల బార్ల గాలి, నడుముకు ఆరు కిలోల సీసం బిళ్ళలు, పక్కన ఇరవై రెండేళ్ళుగా స్నేహితుడైన రామ్‌చందర్. ఇంటి దగ్గర జల్‌పల్లిలో నాలుగేళ్ళు తిరిగి సంపాదించుకున్న పేరు. ఆ పేరుకు ప్రతిఫలంగా రావలసిన ఏజెన్సీ.

బార్ అంటే గాలి ఒత్తిడికి కొలత అని మమ్మల్ని సముద్రంలో దింపే హెండ్రా చెప్పాడు. ఇండోనేషియాలో లొంబోక్ పక్కన, మోటారు బండ్లు లేకుండా గుర్రబ్బండ్లే తిరిగే ఒక చిన్న దీవి అతనిది. గొట్టం చివర గడియారం లాంటిది ఒకటి వేలాడుతుంది. ముల్లు రెండు వందల మీద ఉంటే సిలిండరు నిండుగా ఉన్నట్టు. నూరుకు వస్తే అతనికి చూపించాలి. యాభైకి వస్తే పైకి రావాలి. ఇద్దరు జోడీగా దిగినప్పుడు ఎవరి ముల్లు ముందు యాభైకి వచ్చినా ఇద్దరూ కలిసే పైకి రావాలి. అతడు రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన ఆనించి చూపిస్తూ ఈ మాట మూడుసార్లు చెప్పాడు. నాకు ఒక్కసారికే తలకెక్కింది. గోదాము ఖాళీ అయ్యేదాకా ఆగి సరుకు తెప్పించేవాడు దుకాణం నడపలేడు.

నాది హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో పైపులు, నల్లాల దుకాణం. రామ్‌చందర్‌దీ అదే సరుకు, అదే వరుస, మధ్యలో ఒకటే గోడ. పైపుల కంపెనీ ఏటా టార్గెట్ పెడుతుంది. ఇంత సరుకు ఎత్తితే ఇంత రాయితీ, ఇంకా ఎత్తితే విదేశీ ప్రయాణం. చిన్న దుకాణదారు ఒక్కడికే ఆ టార్గెట్ అందదు. అందుకని మా వరుసలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి పేరు మీదే బిల్లులు కొట్టిస్తారు. సరుకు పంచుకుంటారు, రాయితీ పంచుకుంటారు. మాలోనూ ఆ ఆలోచన తెచ్చింది నేనే.

"బిల్లులన్నీ నీ పేరు మీదనే కొట్టిద్దాం. నీది పాత ఖాతా, రాయితీ ఇంకో మెట్టు ఎక్కువ దొరుకుతది," అని నేనే అన్నాను.

"నీ ఇష్టం యార్. నేనేమన్న పరాయోన్నా?" అన్నాడు రామ్‌చందర్.

ఆ రాయితీలో నా వాటా ఒక్క ఏడాది కూడా తప్పలేదు. అది నిజం, రాయాలి.

జల్‌పల్లి మాత్రం నా కష్టం. నగరం అంచున కొత్త కాలనీలు, నూరు గజాల ప్లాట్లు, ఇంటికో బోరు. పొద్దున దుకాణం తెరవకముందే స్కూటరు మీద పోయేవాణ్ణి. పునాది పడిన ప్రతి ఇంటి దగ్గరా ఆగి ప్లంబరు ఎవరో అడిగేవాణ్ణి. బీరయ్య మేస్త్రి అట్లా పరిచయమైనవాడే. అతడి వెనక పదిహేనుమంది ప్లంబర్లు వచ్చారు. అక్కడ ఏ పైపు వేయాలో ఇంటాయన చెప్పడు, మేస్త్రి చెబుతాడు. మేస్త్రులందరూ మా కంపెనీ పైపే చెప్పేలా చేయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఈ ఏడాది కంపెనీ జల్‌పల్లికి సొంతంగా ఏజెన్సీ ఇస్తామంది. నాకు యాభై రెండేళ్ళు. గోడ పక్కన గోడ ఉన్న దుకాణంలో ముసలివాణ్ణి కావడమా, ఒక ఊరికి సరుకు పంపే స్థాయికి పోవడమా అన్నది ఆ ఏజెన్సీతోనే తేలాలి.

"ఇద్దరి పేరు మీద తీసుకుందాం," అన్నాడు రామ్‌చందర్.

టార్గెట్ దాటినందుకు అతడి ఖాతాకు ఇండోనేషియా టికెట్లు రెండు వచ్చాయి. భార్యకు విమానం భయమని, నన్ను రమ్మన్నాడు. దసరా అయ్యాక పోదామన్నాను. కాదు, ఈ వారమే పోదామన్నాడు.

మా ఇంటామె లలితమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆయన కొడుకున్నడు గద, నందు. ఆని తోలుకపోక నిన్నెందుకు తోలుకపోతుండు?"

"జల్‌పల్లి నా కష్టమని ఆనికి తెలుసు. కృతజ్ఞత."

"గంత కృతజ్ఞత ఉన్నోడు పోయిన పండుగకు మన ఇంటికి మిఠాయి డబ్బా పంపలే."

నేను నవ్వాను. లెక్కలు చూసేవాణ్ణి నేను, ఆమె మిఠాయి డబ్బాలు లెక్కపెడుతోందనుకున్నాను.

దీవికి వచ్చినప్పటి నుంచి రామ్‌చందర్‌ది ఒకటే మాట. "ఫోను హోటల్ల పెట్టు. ఉప్పునీళ్ళకు ఖరాబైతది. నాలుగు రోజులు దుకాణం మరిచిపో." నేను బయలుదేరే ముందు నూటయాభై పెట్టి, నీళ్ళు చొరబడని ప్లాస్టిక్ సంచి కొనుక్కున్నాను. కొన్నది వాడకుండా ఎట్లా ఉంటాను? పడవలోకి తెచ్చుకున్నాను.

మొదటిసారి దిగినప్పుడు బాగుంది. కింద పగడాలు, వాటి మధ్య పసుపు చేపలు. రామ్‌చందర్ నా చెయ్యి విడవలేదు. షాలిబండలో బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తిరిగిన మనిషి, నీళ్ళలో పిల్లాడిలా పట్టుకున్నాడు. పైకి వచ్చాక చూస్తే నా ముల్లు తొంభై మీద ఉంది. "నువ్వు తక్కువ ఖర్చు చేస్తావు," అని హెండ్రా మెచ్చుకున్నాడు. వ్యాపారిని కదా అనుకుని సంతోషపడ్డాను.

పడవలో గంట విశ్రాంతి. అనాసపండు ముక్కలు తిని, కొత్త సిలిండర్లు తగిలించుకున్నాం. అప్పుడు ఫోను మోగింది. బీరయ్య మేస్త్రి.

"అన్నా, యాడున్నవ్? ఈడ ఏజెన్సీ ఓపెనింగ్ అయితుంది. నందు కొబ్బరికాయ కొడుతుండు. కంపెనీ సార్లు గూడ వచ్చిండ్రు. నీ పేరు లేదేందన్నా ఫ్లెక్సీ మీద?"

"ఫోటో పంపు," అన్నాను.

ఫోటో వచ్చింది. 'రామ్‌చందర్ అండ్ సన్, జల్‌పల్లి.' బంతిపూల దండలు. నందు తెల్ల చొక్కా. వెనక నిలబడిన మేస్త్రులు నేను పరిచయం చేసినవాళ్ళు.

హెండ్రా దిగమని చెయ్యి ఊపుతున్నాడు. రామ్‌చందర్ పడవ అంచు మీద కూచుని నాకోసం చూస్తున్నాడు. అప్పుడే అడగవచ్చు. అడగలేదు. సరుకు అన్ని వైపులా చూడకముందు ధర మాట ఎత్తడం నాకు అలవాటు లేదు. ఫోను సంచిలో పెట్టి, నోట్లో గొట్టం పెట్టుకుని, వెనక్కి నీళ్ళలోకి పడ్డాను.

కింద అవే పగడాలు, అవే చేపలు. రామ్‌చందర్ వచ్చి మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా కలిపి అంతా బాగే కదా అని సైగ చేశాడు. నేనూ అట్లాగే చేశాను. నీళ్ళలో అబద్ధమాడడానికి రెండు వేళ్ళు చాలు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. దసరా తర్వాత ఎందుకు వద్దన్నాడు? ముహూర్తం ఈ వారంలో ఉంది. కొడుకును ఎందుకు తేలేదు? కొబ్బరికాయ వాడు కొట్టాలి. ఫోను హోటల్లో ఎందుకు పెట్టమన్నాడు? ఇక భార్యకు విమానం భయమన్న మాట. ఆమె రెండేళ్ళ కిందట తిరుపతికి విమానంలో పోయివచ్చి, మా ఇంటికి లడ్డూ కూడా పంపింది. నేనే తిన్నాను, నేనే మరిచాను. సొంత దుకాణం మొదలయ్యే రోజున తాను అక్కడ లేకుండా, ఇంత దూరం వచ్చి నాకు కాపలా కాస్తున్నాడు. నా చెయ్యి పట్టుకుని మరీ.

ముల్లు చూశాను. పదిహేను నిమిషాలకే నూట ఐదు. కోపానికి ఎంత గాలి ఖర్చవుతుందో అంతకుముందు నాకు తెలియదు.

ఇంకాసేపటికి రామ్‌చందర్ ముఖానికున్న మాస్కు అద్దంలోకి నీళ్ళు వచ్చాయి. హెండ్రా ముందు ఉన్నాడు, మాకు వీపు పెట్టి. రామ్‌చందర్ కాళ్ళు కొట్టుకుంటూ పైకి ఎగబోయాడు. ఒక్కసారిగా పైకి పోతే ఊపిరితిత్తులకు ప్రమాదమని పొద్దునే చెప్పారు. నా మణికట్టులోకి అతడి గోళ్ళు దిగాయి. చెయ్యి విదిలించుకోవడానికి ఒక్క క్షణం చాలు. విదిలించుకోలేదు. అతడి బెల్టు పట్టుకుని కిందికి లాగి, హెండ్రా తిరిగి చూసేదాకా ఆపాను. దాన్ని మంచితనం కింద రాసుకోను. ఆ లోతులో నాకూ ఇంకో మనిషి కావాలి.

హెండ్రా వచ్చి అద్దంలో నీళ్ళు పోగొట్టించాడు. అప్పటికి నా ముల్లు అరవైకి దిగింది. నియమం ప్రకారం ముగ్గురం కలిసి మెల్లగా పైకి వచ్చాం. చివరికి యాభై.

పడవలో సిలిండరు దించగానే రామ్‌చందర్ అన్నాడు. "ఏం నర్సింహా, గింత జల్దీ అయిపాయె నీ గాలి? నాకింక సగం ఉండె. తాబేలు జూడకపోతి."

ఫోను తీసి ఆ ఫోటో అతడి ముందు పెట్టాను. తల తుడుచుకుంటున్న తువ్వాలు ఆగింది.

"ఎవరు పంపిండ్రు?"

"నేనడిగేది అది గాదు."

"బీరయ్యగాడే ఉంటడు. ఆనికేం పని లేదా?"

"రామ్‌చందర్."

"హైదరాబాద్ పోయినంక కూసోని మాట్లాడుదామనుకున్న యార్. ఈడ మజా ఖరాబ్ జేసుకునుడెందుకని..."

"ఇద్దరి పేరు మీద అన్నవ్."

"అన్న. కంపెనీవాళ్ళు ఒప్పుకోలే. వాళ్ళ కంప్యూటర్ల నాలుగేండ్ల సంది నీ పేరు మీద సున్నా. నేనేం జెయ్యాలె?"

"సున్నా ఎట్లయిందో నీకు తెల్వదా?"

"బిల్లులు నా పేరు మీద కొట్టియ్యమన్నది నువ్వు. నేనడిగిన్నా? నీ వాటా ఒక్క రూపాయన్న ఎగ్గొట్టిన్నా?"

ఎగ్గొట్టలేదు. అదే నన్ను కట్టిపడేసింది. దొంగను పట్టుకోవడానికి ఒక దొంగతనం కావాలి కదా. కాగితం మీద అది ఎక్కడా లేదు.

"మరి నన్నెందుకు తోలుకొచ్చినవ్?"

అతడు సముద్రం వైపు చూశాడు. "ఆడుంటే లొల్లి జేస్తుంటివి. మేస్త్రులందరు నీ మాటింటరు." మళ్ళీ తానే నష్టపోయినవాడిలా అన్నాడు. "నీకేం తక్కువ జేసిన చెప్పు? విమానమెక్కించిన. సముద్రం జూపించిన."

హెండ్రాకు మా భాష రాదు. నవ్వుతూ రెండు అట్ట కాగితాలు, ఒక పెన్ను తెచ్చి ఇచ్చాడు. దిగిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు వివరాలు రాసి ఇస్తారట. జోడీగా దిగినవాళ్ళు ఒకరి కాగితం మీద ఇంకొకరు సంతకం చేయాలట. రామ్‌చందర్ నా కాగితం మీద గబగబా సంతకం చేశాడు. నేను అతడిదాని మీద చేశాను.

తిరిగి వచ్చిన మర్నాడు జల్‌పల్లి పోయాను. బీరయ్య మేస్త్రి చాయ్ తాగించాడు, కళ్ళలోకి చూడలేదు.

"నువ్వంటే పానం అన్నా. గని సరుకు గాయన దగ్గర్నే అగ్గువకు దొరుకుతది. ఇంటోళ్ళు రేటు జూస్తరు. మేమేం జెయ్యాలె?"

"ఆడనే తీసుకో," అన్నాను. అతడి స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

ఇదీ చివరి లెక్క. పోయినవి: జల్‌పల్లి, పదహారు మంది ప్లంబర్లు, పాత ఖాతా రాయితీ, గోడ అవతలి మనిషితో మాట. వచ్చింది: ఒక అట్ట కాగితం. లోతు పదకొండు మీటర్లు. సమయం ఇరవై ఆరు నిమిషాలు. దిగేటప్పుడు గాలి రెండు వందలు, ఎక్కేటప్పుడు యాభై. దిగినవారు బాలనర్సింహ. తోడు రామ్‌చందర్, సంతకం. కలిసి చేసిన నాలుగేళ్ళ వ్యాపారంలో మా ఇద్దరి పేర్లతో నా చేతికి వచ్చిన కాగితం అదొక్కటే.