నడిచే మచ్చ

గోడల విషయంలో పెయింటరు మాటకి తిరుగులేదు. అతను మచ్చ ఉందంటే ఉన్నట్టే. అందుకే హాలు గోడ మీద నల్లమచ్చ ఉందనీ, పైగా అది నడుస్తోందనీ అతను నిచ్చెన మీంచి చెప్పినప్పుడు, ఇంటాయన కళ్ళజోడు సవరించుకుని తానంటే తందానా అన్నాడు. తనకేమీ కనబడలేదని ఒప్పుకుంటే చిన్నతనం కదా మరి.

రెండో కోటు వేస్తే మచ్చ కిటికీ పక్కకి జరిగింది. మర్నాడు మూడో కోటుకి సీలింగు ఎక్కింది. ఇంటాయన భార్య అది సాలీడని తేల్చి చీపురు అందుకుంది. పక్కింటాయన పిలవకుండానే వచ్చి, తమ ఇంట్లోనూ ఇలాంటిదే ఉందనీ, ఇంతకంటే పెద్దదనీ గొప్పగా చెప్పాడు. పెయింటరు వేలు ఎటు తిరిగితే అటు ముగ్గురూ తలలెత్తుకుని పరిగెత్తుతున్నారు.

భోజనం తెచ్చిన పెయింటరు భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడికి షుగరొచ్చి ఏళ్ళయింది. కళ్ళు చూపించుకోమని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టిందే గానీ, పని మానుకుని అతను కదిలింది లేదు.

"ఎడమ కన్ను మూసుకోండి," అంది.

మూసుకున్నాడు. గోడ మల్లెపువ్వులా ఉంది.

"ఇప్పుడు కుడిది."

మచ్చ వచ్చింది. దాని వెనకాల గోడంతా మసకేసింది. అతను నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటాయన మాత్రం మర్యాద విడవకుండా, తనకి రెండు కళ్ళతోనూ కనబడుతోందన్నాడు.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి చూసింది. కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుందనీ, ఇన్నేళ్ళ షుగరు దాని సన్నటి రక్తనాళాలను గుల్ల చేసిందనీ, వాటిలోంచి కారిన రక్తమే ఆ మచ్చ అనీ చెప్పింది. లేజరుతో ఇంకా పాడవకుండా ఆపవచ్చట. పోయిన చూపు తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేనంది.

"పోనీలెండి, కుడిది బాగుందిగా," అన్నాడు పెయింటరు.

"అందులోనూ మొదలైంది. మీకింకా తెలియలేదు, అంతే."

అతనికి భయం వేసింది. ఎంత ఎత్తున నిలబడినా ఎన్నడూ వేయని భయం. 'నే చెప్పలేదా' అని దెప్పడానికి ఇంతకంటే అదను దొరకదు, అయినా భార్య దాన్ని వాడుకోలేదు. ఎవరూ చెప్పకుండానే అతను లేజరు మిషను మీద గడ్డం ఆనించాడు.

"ముందు కనబడే కన్ను సంగతి చూడండమ్మా," అన్నాడు.