మధ్యలో శ్మశానం

టోర్లైవ్ భార్య గున్వోర్ శవపేటికను మోయడానికి రేవు వాళ్లు ఒక్కరూ రాలేదు.

టోర్లైవ్ ఇల్లు తమ ఇరుగుపొరుగు వరసలోది కాదన్నారు. అక్కడి ఆచారం ప్రకారం శవాన్ని మోయాల్సింది పోయినవాళ్ల వరసలోని ఇళ్లవాళ్లే. టోర్లైవ్ వరసలోని పైకొండ ఇళ్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. చివరికి అతనూ, బావమరిదీ, ఇద్దరు కూలీలూ మోశారు.

అప్పటినుంచి తన ఇంటికీ రేవు ఇళ్లకూ మధ్య ఉన్న బంగాళాదుంపల చేలో అతను గజం స్థలం కూడా ఎవరికీ అమ్మలేదు. వాళ్ల గోడ తన గోడ దగ్గరికి రాకూడదు. అంతే.

జనాభా లెక్కల ఏడాది రేవులో కొట్టు నడిపే అస్లాక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

"ఒరే, పట్నం కాదు, పల్లె కాదు, మనలాంటి చోట్లకి ఆఫీసువాళ్లు కొత్త మాట కట్టారు. టెట్‌స్టెడ్. అంటే ఇళ్లు ఒత్తుగా ఉన్న చోటు. రెండొందల మంది ఉండాలి, ఇంటికీ ఇంటికీ యాభై మీటర్లు దాటకూడదు. మొన్న పుట్టిన పసిగుడ్డుని కూడా కలిపాం. ఇంకా ఒక్కడు తక్కువ. నీ ఇల్లు కలిస్తే సరిపోతుంది."

"గున్వోర్‌ని మొయ్యడానికి లెక్కలోకి రాని ఇల్లు మీ లెక్కలోకి ఎలా వస్తుంది?"

అస్లాక్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసునుంచి యాల్మార్ అనే కుర్ర ఉద్యోగి టేపుతో వచ్చాడు. రేవువాళ్లు కంచె పక్కన చేరి చూస్తున్నారు. టోర్లైవ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేను సగం దాటకముందే యాభై మీటర్లు అయిపోయాయి. కంచె దగ్గర ఎవరో ఉమ్మేశారు. టోర్లైవ్ యాల్మార్‌ను లోపలికి పిలిచి కాఫీ పోశాడు. ఏళ్ల తరవాత ఆ ఇంట్లో రెండో కప్పు బయటికి వచ్చింది.

యాల్మార్ కప్పు ఎత్తి, పక్క కిటికీలోంచి చూశాడు. ఇంటి గోడను ఆనుకునే శ్మశానం ఉంది. దాని అవతల ఉన్న ఇల్లు ఎవరిదని అడిగాడు. చర్చి గంట కొట్టేవాడిదని, అది రేవు ఇళ్ల వరసలోదేనని టోర్లైవ్ చెప్పాడు.

కుర్రవాడు కప్పు కింద పెట్టాడు. "ఏరు, పార్కు, శ్మశానం, వీటిలో ఎవరూ ఇల్లు కట్టలేరు కదండీ. అందుకని ఆ దూరం మేం లెక్కెయ్యం. మీ ఇల్లు ఆ ఇంటితో కలిసిపోయినట్టే."

"అక్కడ నా భార్య ఉంది."

"ఆవిణ్ణి లెక్కలో వెయ్యమండీ. దూరాన్ని తీసేస్తాం, అంతే."

తన ఇంటి గోడ పక్కనే ఉంటుందని ఆమె సమాధికి ఆ చోటు ఎంచుకున్నది టోర్లైవే. పాస్టర్ వద్దన్నా వినలేదు.

సాయంత్రం అస్లాక్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో కేకు ఉంది. నవ్వు మాత్రం లేదు.

"ఇప్పుడు ఒకే ఊరు అయ్యాం. నువ్వు పోతే మేమే మొయ్యాలి. మోస్తాం."

టోర్లైవ్ కేకును ముట్టుకోలేదు.

"ఈ మొయ్యడం సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

తలుపు వేశాడు. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.