చెట్టు మీది ఎరుపు

మారెప్ప కూతురు చౌడేశ్వరి ఉన్ని ముట్టడం మానేసిందన్న సంగతి కుందుర్పిలో అందరికంటే ఆలస్యంగా తెలిసింది ఇమాం హుస్సేన్‌కే. తెలిసిన రోజు అందరికంటే ఎక్కువసేపు నవ్వింది కూడా ఆయనే.

నవ్వడా మరి! రెండు వందల గొర్రెలున్న ఇల్లు. తాత గొర్రెలు కాశాడు, తండ్రి కాస్తున్నాడు. ఆ పిల్ల పుట్టినప్పుడు చుట్టిన చిన్న కంబళి ఇమాం హుస్సేన్ అంగట్లో కొన్నదే. అలాంటిది రెండేళ్లు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి, జీవాల నుంచి వచ్చేది ఏదీ వాడనంటోంది. మాంసం తినదు. మజ్జిగ తాగదు. పట్టు కట్టదు. పత్తి నూలు, అరటి నార కలిపిన నూలు ఎక్కడినుంచో తెప్పించి, వెదురు సూదులతో శాలువాలు, మఫ్లర్లు అల్లుతోంది. పైగా ఊళ్లో ఆరుగురు ఆడవాళ్లకు అదే పని నేర్పి, ఇంటి పక్క రేకుల షెడ్డులో కూర్చోబెట్టింది.

"శాలువాలా?" అన్నాడు ఇమాం హుస్సేన్. "ఎండకు కాకులు నోరు తెర్చుకోని కూర్చునే ఊర్లో శాలువాలా? అదీ పత్తివి! చలికి ఆగవు, తడిస్తే మోకాళ్ల దాకా సాగుతాయి. గొర్రెకు బొచ్చు కత్తిరిస్తే ప్రాణం పోతాదా ఏమప్పా? ఎండాకాలం అది మనకే దండం పెడతాది."

ఆయనకు అరవై రెండేళ్లు. బస్టాండు దగ్గర కంబళ్ల అంగడి. నలభై ఏళ్లుగా గొర్రెలు కాసే కురబవాళ్ల దగ్గర బొచ్చు కొని, నేయించి, అమ్ముతున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో మనుషులను మూడు రకాలుగా విడదీసి పెట్టుకున్నాడు. కొనేవాడు ఒక రకం. కొనకుండా పిసికి చూసి పోయేవాడు రెండో రకం. కొనడు గానీ వ్యాపారం ఎట్లా చేయాలో చెప్పేవాడు మూడో రకం. మొదటివాడి వల్ల ఇల్లు గడుస్తుంది, రెండోవాడి వల్ల సరుకు మెత్తబడుతుంది, మూడోవాడి వల్ల పొద్దు పోవడం తప్ప ఏమీ లేదు. చౌడేశ్వరిని ఆయన మూడో రకంలో పడేశాడు.

పడేశాడు గానీ ఒక్కటి మింగుడు పడలేదు. మిల్లు రగ్గులు వచ్చాక కంబళి అడిగేవాడే తగ్గిపోయాడు. వెనక గదిలో కంబళ్లు మడతల్లోనే చిమ్మటలకు ఆహారమవుతున్నాయి. ప్రతి గురువారం మాత్రం చౌడేశ్వరి మూటలతో ఆటో అంగడి ముందు నుంచే పోస్టాఫీసుకు పోతుంది. ఆ ఆటో వెనకాల లేచే దుమ్మంతా వచ్చి కంబళ్ల మీదే వాలుతుంది.

శ్రావణంలో ఒకరోజు ఆ పిల్లే అంగట్లోకి వచ్చింది.

"పెద్దనాయనా, నీ దగ్గర లక్క ఉండాదంట కదా? కొమ్మలకు అంటుకోని ఉండే పచ్చి లక్క. మన ఆంజినమ్మత్త చెప్పింది. వాళ్ల అవ్వ దాంతోనే ఎర్ర రంగు తీసేదంట."

ఉంది. ఇమాం హుస్సేన్ నాయన బతికున్న కాలంలో గాజులు చేసేవాళ్లకు, కంసాలులకు లక్క కూడా అమ్మేవాడు. ఆయనతోపాటే ఆ వ్యాపారమూ పోయింది. రెండు గోతాలు మాత్రం వెనక గదిలో మిగిలిపోయాయి.

"ఎందుకు పాపా?"

"బెంగళూరు నుంచి ఒకామె నలభై ఎర్ర శాలువాలు అడిగింది. అంగట్లో దొరికే రంగు వద్దంట, చెట్టూచేమల నుంచి తీసిందే కావాలంట. లక్క చెట్టుదే కదా పెద్దనాయనా? చెట్టు బంకే కదా?"

ఆ ఊళ్లో అందరూ అనుకునేది అదే. కొమ్మ మీద గట్టిగా, ఎర్రగా, బంకలాగే ఉంటుంది. అది బంక కాదని తెలిసింది లక్కతో బతికిన ఇంటివాళ్లకే. ఇమాం హుస్సేన్‌కు లోపల నవ్వు పొంగుకొచ్చింది. పెదవి మాత్రం కదల్లేదు.

"చెట్టు మీదిదే పాపా. కొమ్మలు కూడా ఉండాయి చూడు దాంట్లో."

"ఫోన్లో చూద్దామనుకుంటి. దాంట్లో ఎవడేం రాస్తాడో ఎవరికి తెలుసు! నువ్వు చెప్తివి, చాలు."

గోతాలు రెండూ ఆటోలోకి ఎక్కాయి. పురుగును చూస్తే పక్కకు తప్పుకుని నడిచే పిల్ల రెండు గోతాల పురుగులు ఇంటికి మోసుకుపోతోంది! ఇమాం హుస్సేన్ ఇంట్లోకి పోయి భార్య హబీబాకు చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. హబీబా నవ్వలేదు.

"ఆ పిల్ల అడిగితే చెప్పొచ్చు కదా?"

"చెట్టుదేనా అనింది. చెట్టు మీదిదే అన్నా. అడిగినదానికి జవాబు చెప్పినా."

అది వాళ్ల నాయన నేర్పిన సూత్రంలో సగం. వ్యాపారికి ఆయన చెప్పింది రెండు ముక్కలు: "అడిగినదానికే జవాబు చెప్పు. దేవునికని అడిగితే అడగనిది కూడా చెప్పు." కురబవాళ్లు తమ దేవుడు బీరప్ప ముందర నల్ల కంబళి పరుస్తారు. అందులో రంగు ఉండకూడదు, పత్తి పోగు కలవకూడదు, నల్లగొర్రె బొచ్చు తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఒకసారి ఒక కురబ పెద్ద దేవునికని కంబళి ఎంచుకుని భుజాన వేసుకుని మెట్లు కూడా దిగాడు. నాయన పరుగెత్తి వెనక్కు పిలిచాడు. "అది వద్దు సామీ, దాని అంచులో రెండు పోగులు పత్తి కలిసుండాది." ఆ రెండు పోగులు ఆ పెద్దకు జన్మలో కనబడేవి కావు. అందుకే ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో దేవుని కంబళికి సాయిబు అంగడికే వస్తారు. మిల్లు రగ్గులు అన్నీ తీసుకుపోయినా అదొక్కటీ తీసుకుపోలేదు. ఇమాం హుస్సేన్‌కు మిగిలింది ఆ పేరే.

నెల తిరిగింది. మారెప్ప గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్న రోజు ఇమాం హుస్సేన్ చూడ్డానికి వెళ్లాడు. కాళ్లు కట్టిన గొర్రెలు వరసగా పడుకుని ఉన్నాయి. మారెప్ప దిగులుగా ఉన్నాడు.

"ఏం చేద్దువులేన్నా, కత్తిరించేవాళ్లకు పెట్టే సంగటికి కూడా రాదు ఈ బొచ్చు. కంపకు వేసి పోదామనిపిస్తాది."

"నీ కూతురికి ఇయ్యరాదా, అల్లుకుంటాది," అన్నాడు ఇమాం హుస్సేన్.

"అది కూరకు రాదు, మజ్జిగకు రాదు. దాని కంచం కడగడానికే తేలిక." మారెప్ప తనూ నవ్వేసి షెడ్డు వైపు చూపించాడు. "పోయి చూడన్నా. ఎర్రగా అల్లినారు. ఆదివారం బెంగళూరామె వచ్చి తీసుకోని పోతాదంట."

నవ్వుకుందామనే పోయాడు. వాకిట్లోనే ఆగిపోయాడు. దండేల మీద శాలువాలు ఆరుతున్నాయి. కరక్కాయ, పటిక పట్టించిన నూలు మీద లక్క ఎక్కి పండిన రేగుపండు రంగులో ఉంది. చేయి దానంతటదే పోయి అంచు పట్టుకుంది. ఎక్కడా ఒక్క అల్లిక జారలేదు. నలభై ఏళ్ల చేయి అది, తప్పు కోసం ఎంత వెతికినా దొరకలేదు. దాంతో ఇంకా చికాకేసింది.

లోపల ఆంజినమ్మ సూదులు ఆడిస్తూ అడుగుతోంది. "అవునే పాపా, నేనేమో మా అవ్వ చెప్పింది చెప్పినా. ఇది నిజంగా చెట్టుదేనా? ఈ చీటీ మీద ఏమో 'ఏ జీవం నుంచీ తీసింది కాదు' అని రాసి కడతాంటిమి. రేపు యాదన్నా తేడా వస్తే?"

"ఇమాం పెద్దనాయనను అడిగినా కదత్తా. బీరప్ప కంబళికి ఆయన అంగట్లో మా తాత కాలం నుంచి ఒక్క అబద్ధం లేదంట. నాకు ఇదీ అట్లాంటిదే. ఆయన మాట మీదనే నేను చీటీ కడతాండా."

ఇమాం హుస్సేన్ చేతిలోని అంచు వదిలేశాడు. లోపలికి పోకుండానే వెనక్కు తిరిగాడు.

మధ్యాహ్నం సంగటి ముందు కూర్చుని తినలేదు. నలభై శాలువాలకు నలభై చీటీలు. ఆ చీటీ మీద రాత ఆ పిల్లది, కింద కనబడకుండా పడిన వేలిముద్ర తనది. ఏనాడైనా లక్క సంగతి తెలిసినవాడు ఒక్కడు ఆ చీటీ చదివితే చాలు. 'సాయిబు చెప్పినాడు' అని ఆ పిల్ల అంటుంది. ఆ మాట కుందుర్పికి తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది? దేవుని కంబళికి వచ్చే కురబవాళ్లు ఆ తర్వాత కంబళి భుజాన వేసుకునే ముందు రెండుసార్లు తిప్పి చూస్తారు. ఒకసారి తిప్పి చూడడం మొదలైతే ఇక అంగడి తలుపులు వేసుకోవడమే.

"ఏం, తినవా?" అంది హబీబా.

"పిచ్చి పిల్ల! పురుగు కోసం ఏడ్చేవాళ్లు ఉంటారా యాడన్నా?"

"అది పిచ్చిదే. పిచ్చిదానికి దేవుడు గొర్రెలో ఉన్నాడో, పురుగులో ఉన్నాడో, మనకెందుకు? దాని లెక్కన అది దేవునికని అడిగినట్టే కదా."

తెల్లారి పొద్దున్నే షెడ్డుకు పోయాడు. ఆరుగురూ ఉన్నారు. మాట ఎట్లా ఎత్తాలో తెలియక, అలవాటైన వెటకారంతోనే ఎత్తాడు.

"ఏం పాపా, చీమను తొక్కనంటివి. నీ శాలువాల నిండా పురుగులే కదా!"

చౌడేశ్వరి తల ఎత్తింది. "యాడ?"

"రంగులో. లక్క బంక కాదు. సన్న పురుగులు వేలకు వేలు కొమ్మ మీద చేరి, ఒంట్లో నుంచి కార్చి కట్టుకునే గూడు అది. కొమ్మ కోసేటప్పుడు అవి దాంట్లోనే ఉంటాయి. ఆ ఎరుపు చెట్టుది కాదు, వాటి ఒంటిది."

సూదుల చప్పుడు ఆగిపోయింది.

"నేను అడిగిన దినం నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే ఇచ్చినావా?"

"చెట్టుదేనా అంటివి. చెట్టు మీదిదే అంటిని."

"నీ నోట్లో ఆ లక్కే కాంచి పొయ్య!" అని ఆంజినమ్మ లేచింది. "ఇరవై దినాలు మెడలు పడిపోయేటట్టు అల్లినాము కదా సాయిబా!"

చౌడేశ్వరి ఆమెను చేయి పట్టి కూర్చోబెట్టింది. ఆమె కళ్లు మాత్రం ఇమాం హుస్సేన్ మీదే ఉన్నాయి. "ఇప్పుడు నేను అడగలే కదా. ఎందుకు చెప్తివి?"

దానికి బదులుగా ఆయన వ్యాపారి తోవ ఒకటి చూపించాడు. "చెప్పినానులే గానీ, మునిగిపోయిందేమీ లేదు. ఆ బెంగళూరామెకు లక్క ఏందో తెలీదు. నీకూ నిన్నటిదాకా తెలీదు. పంపించేసెయ్. మళ్ల కొత్త సరుకు నుంచి జాగ్రత్తపడు."

పంపిస్తుందనే అనుకున్నాడు. పంపించాలనే కోరుకున్నాడు. పంపితే ఈ పత్తి శాలువాల నీతి ఎంత బరువు తూగుతుందో తేలిపోతుంది, తనకూ మనసు తేలికవుతుంది. చౌడేశ్వరి ఫోన్ తీసి అందరి ముందే బెంగళూరుకు మాట్లాడింది. తప్పు తనదేనంది. లక్క సంగతి అంతా చెప్పింది. ఇమాం హుస్సేన్ పేరు ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి చీటీలున్న డబ్బా మూత వేసింది.

"ఎర్రవి వద్దంది. రంగు లేనివి దీపావళికి చూస్తానంది."

"చూస్తానంటే తీసుకోదని అర్థం," అన్నాడు ఇమాం హుస్సేన్.

"నాకు తెలుసు పెద్దనాయనా. నేనూ రెండేళ్లు ఫ్యాక్టరీలో పని చేసినా."

అంతటితో అయిపోయిందనుకుని అంగడికి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆటో వచ్చింది. ఈసారి పోస్టాఫీసు వైపు పోలేదు. అంగడి ముందే ఆగింది. చౌడేశ్వరి, ఆంజినమ్మ కలిసి మూటలు దించి బల్ల మీద పెట్టారు.

"ఏంది ఇది?"

"చెప్పినట్టు లేని సరుకు తిరిగి తీసుకునేది నీ అంగడి మర్యాద కదా."

"నేను అమ్మింది లక్క. శాలువాలు కాదు."

"అయితే నీ లక్కను వేరు చేసి తీసుకో. మా నూలు మాకియ్యి." చౌడేశ్వరి మూట ముడి విప్పింది. రేగుపండు ఎరుపు బల్లంతా పరుచుకుంది. "నేను వీటిని కట్టలేను, అమ్మలేను, పారేయలేను. ఆంజినమ్మత్తవాళ్ల కష్టం ఉండాది దీంట్లో. నువ్వే అమ్మి వాళ్లకు చేర్చు. ఒకే ఒక్క మాట. కొనేవాళ్లు అడిగినా అడగకపోయినా, రంగు దేనిదో చెప్పి అమ్మాల. దేవుని కంబళికి చెప్పినట్టు."

నలభై ఏళ్లలో ఆ అంగడికి తిరిగొచ్చిన సరుకు లేదు. వచ్చింది వచ్చి ఒక్కసారే నలభై వచ్చింది. కాదని తోసేయడానికి నోరు తెరిచాడు. లోపలి తలుపు దగ్గర హబీబా నిలబడి ఉంది. మూటలు తన వైపుకు లాక్కున్నాడు.

శనివారం సంతకు వచ్చిన తిప్పయ్య అంగట్లోకి తొంగి చూశాడు. తిప్పయ్యది గార్లదిన్నె వైపు, దూడల బేరానికి తిరిగే మనిషి. ఎర్ర శాలువా ఒకటి లాగి, చెంపకు ఆనించుకున్నాడు.

"ఏమి ఉన్ని సాయిబన్నా ఇది, ఇంత మెత్తగుండాది?"

"ఉన్ని కాదు. పత్తి, అరటి నార."

"రంగు బలే ఉండాది."

ఇమాం హుస్సేన్ వీధి వైపు చూశాడు. చెప్పకపోతే అమ్ముడుపోయేలా ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా.

"రంగు పురుగుది. లక్క పురుగు."

"నేను అడిగినానా?"

"అడగలే. చెప్తాండా."

తిప్పయ్య శాలువాను చెంప మీద నుంచి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. "చలికి ఆగుతాదా?"

"ఆగదు."

"తడిస్తే?"

"మోకాళ్ల దాకా సాగుతాది."

"ఏమప్పా నువ్వు, అంగడి పెట్టినావా, పంచాయితీ పెట్టినావా? సరుకు అమ్మేటప్పుడు దాని మంచి చెప్పాల గానీ, ఇట్ల చెప్తే ఈగ కూడా వాలదు! నన్ను చూడు, గుడ్డిదూడనైనా..." అంటూ తిప్పయ్య గడప మీద కూర్చుని వ్యాపారం ఎట్లా చేయాలో అరగంట చెప్పాడు. చెప్పినంతసేపూ శాలువాను రెండు చేతుల్తో పిసుకుతూనే ఉన్నాడు. తర్వాత దాన్ని బల్ల మీద పడేసి సంతకు పోయాడు.

ఇమాం హుస్సేన్ శాలువా అందుకుని దులిపి, అంచుకు అంచు కలిపి మడిచాడు. పిసికిన చోట ఇంకాస్త మెత్తబడింది. దాన్ని పక్కన పెట్టి, మెత్తబడాల్సిన ముప్పై తొమ్మిదింటినీ గిరాకీల చేతికి అందేలా ముందుకు జరిపాడు.