పిప్పిలో పోయిన పీచు

ఆస్ట్రేలియాలోని స్టాన్‌థోర్ప్‌లో యాపిల్ తోట ఉన్న క్లారీకి డెబ్బయ్యో పుట్టినరోజున కూతురు జ్యూసు మిషను కొనిచ్చింది. ఆ రోజు నుంచి అతను నమలడం మానేశాడు. యాపిళ్లు, క్యారెట్లు, బీట్‌రూట్లు అన్నీ గ్లాసులోకే. వయసు ఇరవయ్యేళ్లు తగ్గిందని కంచె మీదుగా పొరుగువాళ్లకి గొప్పలు పోయాడు.

తొమ్మిదో రోజున మరుగుదొడ్లో కూర్చుని పేపరంతా చదివేసి, నిన్నటిది కూడా అడిగాడు.

"ఇంకా ఎంతసేపు? పనయిందా?" అని తలుపు బయటినుంచి అరిచింది భార్య నోలీన్.

"మొదలైతే కదా అయ్యేది!"

చివరికి సిగ్గు చంపుకుని నర్సు బ్రాన్విన్ దగ్గరికి వెళ్లాడు. ఆమె అంతా విని, "పిప్పి ఏం చేస్తున్నారు?" అని అడిగింది.

"బకెట్లో పడేస్తాను. నోలీన్ తీసుకెళ్లి ఏదో చేసుకుంటుంది."

"పీచు చాలావరకు ఆ పిప్పిలోనే పోతోంది. మీకు దక్కేది తియ్యటి నీళ్లు. పండు కొరికి తినండి క్లారీ, పళ్లున్నాయిగా!"

ఇంటికొచ్చేసరికి నోలీన్ కేకు కోస్తోంది. వారం రోజులుగా ఆమె రోజూ చేస్తున్నా అతను ముట్టని కేకు అది.

"ఇందులో ఏం వేశావ్?"

"నువ్వు పారేసిన పిప్పి. నేను మరుగుదొడ్డికెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నా, చూడట్లేదూ?"

"అంటే నా పీచంతా నువ్వే తినేశావన్నమాట!"

"దొంగిలించానా ఏంటి? చెత్త అని నువ్వేగా ఇచ్చావ్!"

క్లారీ కుర్చీ లాక్కుని మూడు ముక్కలు తిన్నాడు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున మరుగుదొడ్లోంచి వచ్చిన ఆనందపు కేకకి పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"హమ్మయ్య, శుభం!" అంది నోలీన్, ఓవెన్‌లో ఇంకో కేకు పెడుతూ.